మోటారు కంటే ముందు గ్లైడరు

డేటన్, ఒహాయో

చిరంజీవి చిన్నాకి మావయ్య ఆశీస్సులు.

మోటారు, రిమోటు ఉన్న బొమ్మ విమానం కిట్ పంపమని రాశావు. పంపుతాలే గానీ, ముందు మోటారు లేకుండా గాల్లో తేలే గ్లైడరొకటి చేసి ఎగరేయి. ఈ ఊళ్లో సైకిల్ షాపు నడిపిన రైట్ సోదరులు కూడా 1900, 1901, 1902ల్లో గ్లైడర్లే ఎగరేశారు. గాల్లో అదుపు చిక్కాకే 1903లో ఇంజిన్ బిగించారు. తిన్నగా తేలని దానికి మోటారు పెడితే ఇంకా గట్టిగా నేలని గుద్దుకుంటుంది, అంతే.

స్టేషనరీ షాపులో థర్మోకోల్ షీట్లలో బాగా పల్చనిది, 5 మిల్లీమీటర్లది అడుగు. రెక్క 300 పొడవు, 60 వెడల్పు. తోక 110 పొడవు, 45 వెడల్పు (అన్నీ మిల్లీమీటర్లే). నిలువు తోక మాత్రం 40కి 40 అట్టముక్క, ఎందుకో తర్వాత చెప్తా. ఒంటికి 300 పొడవున్న వెదురు పుల్ల చాలు. కోతకి కొత్త బ్లేడు తీసుకో, ఒక్క గీతలో తెగ్గొట్టకుండా మూడు నాలుగుసార్లు తేలిగ్గా లాగు. మొద్దు బ్లేడైతే పూసలు రాలి అంచంతా గరుకవుతుంది. రెక్క ముందంచుకి సెల్లోటేపు వేస్తే దెబ్బలకి తట్టుకుంటుంది.

ఫెవిక్విక్ జోలికి పోకు, తాకినచోటల్లా థర్మోకోల్ కరిగిపోతుంది. ఫెవికాల్ రాసి రాత్రంతా ఆరనివ్వు.

రెక్కని మధ్యకి కోసి, ఒక సగాన్ని బల్ల మీద చదునుగా ఉంచు. రెండో సగం కొస కింద 50 మిల్లీమీటర్ల ఎత్తున పుస్తకాలు పెట్టి అంటించు. ఆ విరుపు లేకపోతే గ్లైడరు ఒక పక్కకి ఒరిగిందంటే ఇక లేవదు. పుల్ల మీద రెక్క ముందంచు ముక్కుకి (పుల్ల ముందు కొసకి) 70 వెనక రావాలి, ఆ అంచు కింద 2 మిల్లీమీటర్ల మందం అట్ట పెట్టు. తోక మాత్రం పుల్లకి సమంగానే ఉండాలి.

ఆరాక వెనకనుంచి ఒంటికన్నుతో చూడు. రెక్క ఎక్కడైనా మెలితిరిగి ఉంటే ముందు అది సరిచేయి, తర్వాత ఎన్ని సర్దినా లాభం ఉండదు.

ఇక అసలు పని తూకం. రెక్క ముందంచుకి 22 వెనక, అడుగున రెండు వైపులా పెన్నుతో చుక్కలు పెట్టు. ఆ చుక్కల కింద రెండు వేళ్లు ఆనించి ఎత్తితే పుల్ల అడ్డంగా నిలవాలి. నిలవదు, తోక బరువుకి వెనక్కి వాలుతుంది. ముక్కుకి 2 గ్రాముల బంకమట్టి అంటించి, నిలిచేదాకా కొంచెం కొంచెంగా పెంచు.

పొద్దున్నే గాలి లేనప్పుడు, గడ్డి ఉన్నచోట ఎగరేయి. ఎండ ఎక్కితే వేడిగాలి ఎటో ఎత్తుకుపోతుంది, లోపం ఎక్కడుందో తెలీదు. ఆకాశంలోకి విసరకు. భుజం ఎత్తునుంచి, పది అడుగుల దూరంలో నేలని చూస్తూ ఈటెలా మెల్లగా తోయి. ఆరేడు మీటర్లు సాఫీగా జారితే బాగున్నట్టే.

ముక్కు లేపి, ఆగి, పడి, మళ్లీ లేపుతూ పోతే తోక బరువెక్కువ: బియ్యపుగింజంత మట్టి కలుపు. నేరుగా నేలకి దిగితే అంతే మట్టి తీసేయి. తూకం చుక్కల మీదే ఉన్నా దిగుతుంటే రెక్క కింది అట్ట ఇంకో పొర పెంచు. ఒకసారికి ఒక్క మార్పే, అదీ రెండు మూడుసార్లు విసిరి చూశాకే. అట్ట తోక ఇప్పుడు పనికొస్తుంది: వెనకంచుని ఒక మిల్లీమీటరు ఎడమకి వంచితే పెద్ద చుట్టు తిరుగుతుంది, పక్కింటి డాబా ఎక్కదు. ఎక్కువ వంచావో, గిరికీలు కొడుతూ కూలుతుంది.

తర్వాతిది రబ్బరు బలంతో ప్రొపెల్లరు తిరిగే విమానం. 1871లో పారిస్‌లో ఆల్ఫోన్స్ పెనో మెలితిప్పిన రబ్బరుతోనే చిన్న మోడల్‌ని 11 సెకన్లు ఎగరేశాడు. ప్రొపెల్లరు, 3 మిల్లీమీటర్ల రబ్బరు పట్టీ నేను పంపుతాను. ప్రొపెల్లరు తిరిగే జోరుకి విమానం ఎడమకి ఒరుగుతుంది, ముక్కు పైకి లేస్తుంది. అప్పుడు మట్టి కలపకు, జారుడు పాడవుతుంది. ప్రొపెల్లరు ఇరుసు ముందు కొసని రెండు మూడు డిగ్రీలు కిందికి, కాస్త కుడికి వాల్చు. రబ్బరుకి గ్లిజరిన్ రాయి. వాజిలిన్, ఇంజిన్ ఆయిల్ రాస్తే ఉబ్బి తెగుతుంది.

గ్లైడరు ఎలా పడుతోందో ఫోనులో వీడియో తీసి పంపు, పక్కనుంచి తియ్యి. అక్కకీ బావకీ నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మావయ్య