కొత్తది ఎత్తించే ముందు పాతది దింపించు

చిరంజీవి చిట్టితల్లికి,

అమ్మ దీవెనలు.

మారుతున్న కాలంతో పాటు కంపెనీ పెద్దలు మారేలా పక్కనుండి సాయం చేసే పనిలో చేరావు. ఎక్కడ మొదలుపెట్టాలో రాయమన్నావు. మార్పు కనపడక దెబ్బతిన్నవాళ్ల కంటే, కళ్లముందే కనపడుతున్నా చేతిలోది కింద పెట్టలేక దెబ్బతిన్నవాళ్లే ఎక్కువ. ఫొటో ఫిల్ముల కంపెనీ కొడాక్ సంగతే చూడు. డిజిటల్ కెమెరాను 1975లో తయారుచేసింది ఆ కంపెనీ ఇంజనీరు స్టీవ్ సాసనే. కానీ లాభమంతా ఫిల్ములో ఉంది, దాన్ని తగ్గించుకోవడానికి చేతులు రాలేదు. 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేయాల్సి వచ్చింది. అదే ఫిల్ము అమ్ముకున్న ఫ్యూజీఫిల్మ్ తన చేతిలో ఉన్న విద్య ఏమిటో లెక్క చూసుకుంది. ఫిల్ములో వాడే జెలటిన్, చర్మంలోనూ ఉండే కొల్లాజెన్ అనే ప్రోటీన్ నుంచి వస్తుంది. ఫొటో రంగులు వెలిసిపోకుండా ఆపే రసాయనాలూ వాళ్లకు కొట్టినపిండి. ఆ రెండూ చర్మానికి రాసుకునే క్రీములకు పనికొచ్చాయి. ఫిల్ము పొరలు తీసిన అనుభవం ఎల్‌సీడీ తెరల్లో వాడే పొరలకు పనికొచ్చింది. సరుకు పోయినా విద్య మిగులుతుందని నీ ఎదుట కూర్చునే మనిషికి ముందు నమ్మకం కలగాలి. అది కలగనిదే ఏదీ వదలరు.

మొదటి సమావేశంలో వ్యూహం గురించి అడగకు. గడిచిన నాలుగు వారాల క్యాలెండర్ అడుగు. ప్రతి గంటకూ ఒక రంగు వేయించు: రోజువారీ పనికి ఒకటి, పాత తప్పులు సరిదిద్దడానికి ఒకటి, రెండేళ్ల తర్వాత డబ్బు తెచ్చే పనికి ఇంకొకటి. మూడో రంగును చాలాసార్లు వెతుక్కోవాల్సి వస్తుంది. దాని గురించి నువ్వేమీ అనకు. కాగితం వాళ్ల ముందే ఉంచి, చదువుకోనివ్వు.

తర్వాత, కంపెనీలో ప్రస్తుతం నడుస్తున్న మార్పు పనుల జాబితా తీయి. పెద్దవాళ్లను ఒక్కరినే అడిగితే సరిపోదు. ప్రతి విభాగం హెడ్‌నూ విడిగా రాసిమ్మను. పైవాళ్లు చెప్పిన సంఖ్యకూ కింది చీటీలు కలిపితే వచ్చే సంఖ్యకూ పొంతన ఉండదు. ఒక్కో పని పక్కన నాలుగు గడులు గీయి: బాధ్యుడు ఎవరు (ఒక్క పేరే), వారానికి ఎవరివి ఎన్ని గంటలు పోతున్నాయి, ఎప్పటికి ముగుస్తుంది, ఏం కనపడితే ఆపేస్తాం. రెండు గడులు ఖాళీగా మిగిలిన పనిని 90 రోజులు ఆపించు. ఆ 90 రోజుల్లో దాని గురించి ఎవరూ అడగకపోతే శాశ్వతంగా మూయించు. ఇక్కడే ఒక తిరకాసు ఉంది. మీటింగులో 'ఆపేశాం' అంటారు, నెలాఖరుకు దాని రిపోర్టు మామూలుగానే వస్తుంది. బడ్జెట్‌లో పద్దు తీసేసి, వారపు మీటింగు రద్దుచేసి, అందులో పనిచేసేవాళ్లకు వేరే పని అప్పగిస్తేనే ఆగినట్టు. ఈ మూడూ నువ్వే కళ్లారా చూసుకో.

వదలాల్సిన సమయం ఎప్పుడన్నది ముందే రాయించాలి తల్లీ, తర్వాత రాయలేరు. అంకెలు ఒక్కసారిగా పడిపోవు, కొద్దికొద్దిగా జారతాయి. ప్రతి నెలా ఒక సాకు సిద్ధంగా ఉంటుంది. అందుకని పరిస్థితి బాగున్నప్పుడే ఒక గీత గీయించు. 'తిరిగి కొనే కస్టమర్లు వందకు 70 నుంచి 60కి దిగి, రెండు నెలలు అక్కడే ఉంటే ఫలానా సరుకు మీద కొత్త పెట్టుబడి ఆపుతాం. ఈ అంకెను ఫలానావారు చూస్తారు.' అంకె, గడువు, చూసే మనిషి, చేసే పని: ఈ నాలుగూ ఉంటేనే అది గీత. అమ్మకాల మొత్తం మీద మాత్రం గీత గీయకు. అది ఆఖరున పడే అంకె. అంతకంటే ముందే డిస్కౌంటు అడగడం పెరుగుతుంది, ఆర్డరు ఖాయం చేయడానికి పట్టే రోజులు పెరుగుతాయి, కొత్త ఎంక్వైరీలు తగ్గుతాయి.

గీత దాటాక కూడా మనసు ఒప్పుకోకపోవచ్చు. ఆ వ్యాపారం కట్టి పైకొచ్చిన మనిషి కదా, దాన్ని వదలమంటే తన్ను తాను కాదనుకున్నట్టే ఉంటుంది. ఆ బాధను తేలిగ్గా తీసిపారేయకు. 1985లో కంప్యూటర్ చిప్పుల కంపెనీ ఇంటెల్ మెమరీ చిప్పుల్లో జపాన్ కంపెనీల పోటీకి నలిగిపోతున్నప్పుడు, దాని ప్రెసిడెంట్ ఆండీ గ్రోవ్ సీఈఓ గోర్డన్ మూర్‌ను ఒక ప్రశ్న అడిగాడు: మనల్ని తీసేసి కొత్తవాణ్ని తెస్తే అతను ఏం చేస్తాడు? మెమరీ నుంచి తప్పుకుంటాడని మూర్ చెప్పాడు. అయితే ఆ పని మనమే చేద్దామనుకుని కంప్యూటరుకు మెదడులాంటి ప్రాసెసర్ల మీద నిలబడ్డారు. అడగాల్సిన సమయంలో ఈ ప్రశ్నకు సాటి లేదు. నలుగురి ముందు అడగకు, ఒంటరిగా ఉన్నప్పుడు అడుగు.

నిర్ణయం సరైనదైనా చెప్పే తీరు చెడితే మొత్తం చెడుతుంది. నెట్‌ఫ్లిక్స్ 2011లో అద్దె డీవీడీల నుంచి స్ట్రీమింగ్‌కు జరగాలనుకోవడం సరైన దారే. కానీ రెండూ వాడేవాళ్లకు ధర 60 శాతం పెంచి, రెండు నెలలకే డీవీడీలను వేరే పేరుతో విడదీస్తామంది. నెల తిరక్కుండానే విడదీయడం మానుకుంది. ఆ మూడు నెలల్లో అమెరికాలోనే సుమారు 8 లక్షల మంది చందాదారులు తగ్గారు.

పైవాళ్లు ఆరునెలలు నలగ్గొట్టుకున్న విషయాన్ని కిందివాళ్లు నలభై నిమిషాల్లో వింటారు. అందుకే మధ్యలో ఉండే మేనేజర్లకు రెండు మూడు రోజుల ముందే చెప్పించు, వాళ్ల అభ్యంతరాలు రాసుకోనివ్వు. అందరితో మాట్లాడే రోజున ఏం మారుతోంది, ఏం మారదు, సోమవారం పొద్దున నా పని ఏమిటి, నా ఉద్యోగం ఉంటుందా అన్నవాటికి జవాబులుండాలి. తెలియనిదాన్ని తెలియదని చెప్పి, ఏ తేదీకి చెప్పగలరో ఆ తేదీ ఇవ్వాలి. ఆ రోజుకీ తేలకపోతే, ఇంకా తేలలేదని చెప్పడానికైనా మళ్లీ ముందుకు రావాలి.

మార్పు మొదలయ్యాక కొన్ని వారాలు పని తగ్గుతుంది. చేతికి అలవాటు పడాలి కదా. ఆ వారాల టార్గెట్ తగ్గించమని గట్టిగా పట్టుబట్టు. తగ్గించకపోతే జనం ఏం చేస్తారో ఏ డెస్కు దగ్గర నిలబడ్డా కనపడుతుంది: కొత్త సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లో ఒక విండోలో తెరిచి ఉంటుంది, దాని వెనక పాత ఎక్సెల్ షీటు. అసలు లెక్క షీటులో, చూపించే లెక్క సాఫ్ట్‌వేర్‌లో. రెండుసార్లు ఎక్కించడంతో అలసట, రెండు చోట్లా అంకెలు కలవకపోవడంతో గొడవలు. చివరికి తప్పంతా సాఫ్ట్‌వేర్ మీదికి పోతుంది. రెండూ కలిపి నడపడానికి మూడు నాలుగు వారాలు చాలు. ఆ తర్వాత ఒక తేదీ ప్రకటించి, పాత ఫైలును చూడ్డానికి మాత్రమే వీలుండేలా మార్పించు. మార్పించే ముందు, ఆ షీటులో ఉండి కొత్తదాంట్లో లేని గడులేమిటో వాడేవాళ్లనే కూర్చోబెట్టి అడిగించు. జనం పాతదాన్ని పట్టుకుని వేలాడటానికి చాలాసార్లు ఆ ఒకటి రెండు గడులే కారణం.

నీ మొదటి సమావేశం గురువారమన్నావు. క్యాలెండర్ పంపమని ఈరోజే అడుగు. చేతికొచ్చాక ప్రింటు తీసి, మూడు రంగుల పెన్సిళ్లతో పాటు పట్టుకెళ్లు. రంగులు నువ్వు వేయకు, వాళ్ల చేతే వేయించు.

ప్రేమతో,
అమ్మ