క్లీవ్‌లాండ్ ఇనుపరాయి గనుల గురించి నా బిడ్డకు

బిడ్డా,

మిడిల్స్‌బ్రోలో సీటు వచ్చిందని నువ్వు చెప్పిన రోజు ఆ ఊరి పేరు నాకు కొత్తగా అనిపించలేదు. మన దగ్గర పాత కట్టడాల్లో గర్డర్ల మీద "డోర్మన్ లాంగ్, మిడిల్స్‌బ్రో, ఇంగ్లండ్" అని ఉబ్బెత్తు అక్షరాలు ఉంటాయి. చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణి. నువ్వు పోయాక ఆ ఉక్కు ఏ రాయి నుంచి వచ్చిందో వెతికి చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ ఇది మా బొగ్గుబాయి పనే కదా అనిపించింది. మొన్న ఫ్రెండ్స్‌తో ఎస్టన్ కొండ ఎక్కి వచ్చామన్నావు చూడు, ఆ కొండ లోపలంతా గని. క్లీవ్‌లాండ్ అంటే మీ ఊరి పక్క ఉన్న ఆ కొండల ప్రాంతమే. నువ్వు నడిచిన బాట కింద గ్యాలరీలు, అంటే సొరంగాలు ఉన్నాయి, పిల్లర్లు తీసేసి వదిలిన ఖాళీలు, మేం గోఫ్‌లు అనేవి, ఉన్నాయి. ఫోన్‌లో చెబితే తెగే ముచ్చట కాదని రాస్తున్నా. తీరిగ్గా చదువు.

నువ్వున్న ఊరు 1801 జనాభా లెక్కల్లో 25 మంది ఉన్న చోటు. 1829లో జోసెఫ్ పీజ్, ఆయనతో కలిసిన మరికొందరు ఆ భూమి కొన్నారు. పక్కనున్న డరమ్ ప్రాంతపు బొగ్గును ఓడలకెత్తడానికి రేవు కావాలి వాళ్ళకు. మరుసటి ఏడే రైలు వచ్చింది. 1841లో బోల్కో, వాన్ అనే ఇద్దరు అక్కడ ఇనుప కార్ఖానా పెట్టారు. బోల్కో జర్మనీ నుంచి వచ్చిన వ్యాపారి. వాన్ ఇనుము పనిలోనే పెరిగి పెద్దవాడైన మనిషి. 1846లో విటన్ పార్క్ అనే చోట రాయి కరిగించి ఇనుము తీసే బ్లాస్ట్ ఫర్నేసులు కట్టారు కానీ, అక్కడ దొరుకుతుందనుకున్న రాయి సరిపోలేదు. దూరంగా విట్బీ వైపు తీరం నుంచి రాయి తెప్పించుకుంటూ నెట్టుకొచ్చారు. 1848లో స్కినింగ్రోవ్ దగ్గర గని మొదలైంది, అక్కడి రాయీ వీళ్ళ కొలుములకే వచ్చేది. అదే పొర ఊరికి దగ్గరగా ఎక్కడైనా పైకి తేలి ఉంటుందా అని వెతుకుతూ 1850 జూన్ 8న వాన్, జాన్ మార్లీ అనే గనుల ఇంజనీరు కలిసి ఎస్టన్ కొండ ఎక్కారు.

అక్కడివాళ్ళను అడిగితే నీకు ఒక కథ చెబుతారు. వాన్ కుందేళ్ళ వేటకు పోయి, రాయి తగిలి బోర్లా పడ్డాడనీ, ఆ రాయే ఇనుపరాయి అనీ. నమ్మకు. మార్లీ తర్వాత తన చేత్తో రాసిపెట్టాడు. బోరు ఎక్కడ వేస్తే బాగుంటుందో చూడడానికే పోయారు. దారిలో కొన్ని ముక్కలు దొరికాయి. ఇంకా పైకి పోతే బాటలకు వేయడానికి ఎవరో రాయి తవ్వుకున్న గుంట కనిపించింది. అది దాటాక 16 అడుగుల మందం రాయి బయటికే తేలి ఉంది. ఆ చుట్టుపక్కల కుందేళ్ళ బొరియలు, నక్క బొరియలు చాలా ఉన్నాయని రాశాడు. ఆ బొరియల నుంచే వేట కథ పుట్టి ఉంటుందని నా నమ్మకం. అదృష్టం అనే మాట నాకు నచ్చదు బిడ్డా. పొర ఎటు వంగుతుందో, ఎక్కడ పైకి తేలుతుందో ఆలోచించి కొండ ఎక్కిన మనుషుల పని అది.

బోల్కో, వాన్ ఇద్దరి విగ్రహాలూ మీ ఊళ్ళో ఉన్నాయి. చూసే ఉంటావు. వాళ్ళ సంగతి ఎవరైనా చెబుతారు. లోపల దిగినవాళ్ళు ఏం పని చేశారు, ఎట్లా చేశారు అన్నది మాత్రం గనిలో పని చేసినవాడు చెబితేనే బాగుంటుంది. నేను చెప్పాలనుకున్నది అదే.

ముందు రాయి సంగతి. అది 18 కోట్ల ఏళ్ళకు పైబడిన నాటి లోతు తక్కువ సముద్రం అడుగున పేరుకుంది. చేత్తో పట్టుకుని దగ్గరగా చూస్తే ఆవగింజకన్నా చిన్న గుండ్రటి రేణువులు కనిపిస్తాయి, అక్కడక్కడ గవ్వల అచ్చులు కూడా. కొత్తగా పగిలిన రాయి పచ్చ కలిసిన బూడిదరంగులో ఉంటుంది. గాలీ వానా తగిలాక తుప్పు రంగుకు తిరుగుతుంది. ఇందులో ఇనుము నూటికి 30 పాళ్ళ లోపే. మన దేశంలో ఛత్తీస్‌గఢ్‌లోని బైలాడిలా ఖనిజంలో 60కి పైన ఉంటుంది. మన లెక్కలో అయితే ఆ రాయిని ఎవరూ ముట్టుకోరు. కానీ అక్కడ పక్కనే డరమ్ కోకింగ్ బొగ్గు ఉంది, సున్నపురాయి ఉంది, రైలుంది, రేవుంది. ఇవన్నీ ఒక్కచోట కుదిరాయి గనుక పేదరాయి కూడా గిట్టింది.

పొర కొండ పక్కకు తేలిన చోట అడ్డంగానే లోపలికి సొరంగం కొట్టుకుంటూ పోయారు. దక్షిణానికి, తూర్పుకు పోయేకొద్దీ పొర లోతుకు దిగింది. అక్కడ షాఫ్టులు, అంటే నిలువు బావులు వేశారు. నార్త్ స్కెల్టన్ షాఫ్టు 700 అడుగులు దాటింది, ఆ ప్రాంతంలో అన్నిటికన్నా లోతైనది అదే. లోపల పద్ధతి మాత్రం అచ్చం మాదే, బోర్డ్ అండ్ పిల్లర్. ముందు గ్యాలరీలు నిలువుగా, అడ్డంగా కొట్టుకుంటూ పోతారు, మధ్యలో రాతి పిల్లర్లు వదులుతారు. హద్దు దాకా పోయాక వెనక్కి తిరిగి, ఆ పిల్లర్లను కూడా కోసుకుంటూ వస్తారు. మా బొగ్గుబాయిలో దాన్ని డీపిల్లరింగ్ అంటాం. నీకు చిన్నప్పుడు చెప్పినవే ఇవన్నీ. నువ్వు అగ్గిపెట్టెలు పేర్చుకుని ఒక్కొక్కటే లాగి చూసేదానివి.

ఒక పని చోటికి ఇద్దరు మనుషులు. ఒకరు రాయి కొట్టేవాడు, ఒకరు టబ్బు, అంటే రాయి మోసే చిన్న బండి, నింపేవాడు. తొలి రోజుల్లో మిషను లేదు. పొడుగాటి ఇనుప గడ్డపార ఉంటుంది, దాన్ని జంపర్ అనేవాళ్ళు. రెండు చేతులతో పట్టుకుని ఊపి ఊపి రాతి ముఖానికి కొడుతూ, ప్రతి దెబ్బకూ కొంచెం తిప్పుతూ రంధ్రం చేయాలి. రంధ్రంలో తుపాకీమందు దట్టించాలి. గోధుమ గడ్డి పుల్లలో సన్నమందు నింపి వత్తిగా పెట్టాలి. అంటించి మూల మలుపు దాకా ఉరకాలి. పేలాక పొగ పోకముందే వచ్చి రాయి నింపుకునేవాళ్ళు, ఎందుకంటే కూలీ టన్నుల లెక్క. కూర్చుంటే డబ్బు లేదు. మందు ఖర్చు, కొవ్వొత్తుల ఖర్చు కూడా వాళ్ళవే. కొవ్వొత్తిని బంకమట్టి ముద్దతో రాతికి అతికించి, ఆ వెలుతురులో పని. నింపిన టబ్బుకు తమ టోకెన్ తగిలించి పంపాలి. పైన తూకం దగ్గర ఇనుపరాయితో పాటు పనికిరాని షేల్ రాయి కలిసిందని తేలితే ఆ టబ్బు కూలీ కోతపడేది. తూకం దగ్గర తమ తరఫున ఒక మనిషి నిలబడాలని పనివాళ్ళు ఎందుకు పట్టుబట్టారో నీకు వేరే చెప్పక్కర్లేదు. 1872లో క్లీవ్‌లాండ్ గని కార్మికులు తమ సంఘం పెట్టుకున్నారు. అదే ఏడు వచ్చిన బొగ్గు గనుల చట్టం కిందికే ఈ ఇనుపరాయి గనులూ వచ్చాయి.

టబ్బులు లాగింది గుర్రాలు. బొగ్గు గనుల్లో పొర సన్నం గనుక చిన్న పోనీలను దింపేవాళ్ళు. క్లీవ్‌లాండ్‌లో కప్పు ఎత్తు కాబట్టి నిండైన పెద్ద గుర్రాలే పోయేవి. షాఫ్టు గనుల్లో వాటి కొట్టాలు కూడా కిందనే. గాలి తలుపుల దగ్గర పిల్లలు కూర్చునేవాళ్ళు. గుర్రం వస్తున్న చప్పుడు వినబడగానే తలుపు తీయాలి, పోగానే మూయాలి. తలుపు తెరిచి వదిలేస్తే గాలి దగ్గరి దారిన పోతుంది, పని చోటుకు అందదు. అంత పెద్ద బాధ్యతను బడికి పోవాల్సిన పిల్లాడి మీద, చీకట్లో, ఒంటరిగా పెట్టడం తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. గాలి లాగడానికి మొదట్లో షాఫ్టు అడుగున పెద్ద మంట పెట్టేవాళ్ళు. వేడిగాలి పైకి పోతుంటే, ఇంకో షాఫ్టు నుంచి మంచిగాలి లోపలికి దిగుతుంది. తర్వాత గ్విబాల్ అనే పెద్ద గాలి ఫ్యాన్లు వచ్చాయి. సాల్ట్‌బర్న్ దగ్గర సముద్రపు కొండ అంచున హంట్‌క్లిఫ్ ఫ్యాన్‌హౌస్ గోడలు ఇంకా నిలబడే ఉన్నాయి. రైలు పట్టా పక్కనే. అటు పోతే తప్పక చూడు.

అన్నిటికన్నా కష్టమైన పని పిల్లర్లు తీయడం. పిల్లర్ కోసుకుంటూ వచ్చేటప్పుడు కప్పు బరువంతా మిగిలిన ముక్క మీద, కప్పుకు ఆసరాగా నిలబెట్టిన కర్రల మీద పడుతుంది. కర్ర మాట్లాడుతుంది బిడ్డా. ముందు సన్నగా చిట్లిన చప్పుడు, తర్వాత పై అంచు నలిగి పీచు లేవడం, కప్పు నుంచి చిన్న చిన్న పెచ్చులు రాలడం. ఆ భాష తెలిసినవాడు చేతిలో పనిముట్టు అక్కడే పడేసి బయటికి వస్తాడు. ఆఖరుకు నిలబెట్టిన కర్రలను కూడా దూరం నుంచి గొలుసు వేసి లాగి, కప్పును కావాలని కూలగొడతారు. కూలకుండా వేలాడితే ఆ బరువు ముందు పిల్లర్ల మీదికి వస్తుంది కాబట్టి, కూలడమే మంచిది. ఇనుపరాయి పొర ఎత్తు ఎక్కువ. పది అడుగుల పైనుంచి ఊడిపడే పెచ్చు చిన్నదైనా ప్రాణం తీస్తుంది. క్లీవ్‌లాండ్‌లో చచ్చిపోయినవాళ్ళలో ఎక్కువమంది ఇట్లా మీద రాయి పడి, ఒక్కరొక్కరుగా పోయినవాళ్ళే. ఒక్కసారి వంద మంది పోతే లోకానికి తెలుస్తుంది. వారం వారం ఒక ఇంట్లో దీపం ఆరితే ఆ వాడకే తెలుస్తుంది. మీథేన్ బొగ్గులో ఉన్నంత ఉండదు, అట్లాగని అసలే లేదనుకోవద్దు. 1953లో లింగ్‌డేల్ గనిలో గ్యాసు పేలి ఎనిమిది మంది పోయారు.

ఈ పని చేసినవాళ్ళు అక్కడి స్థానికులు మాత్రమే అనుకోకు. కార్న్‌వాల్‌లో తగరం, రాగి గనులు మూతపడి వచ్చినవాళ్ళు, నార్‌ఫోక్ వైపు నుంచి వచ్చిన వ్యవసాయ కూలీలు, ఐర్లండ్ వాళ్ళు, వేల్స్ వాళ్ళు. అందరూ మూటాముల్లె సర్దుకుని వచ్చి బూస్‌బెక్, లింగ్‌డేల్, బ్రాటన్ లాంటి ఊళ్ళు నింపారు. 25 మంది ఉన్న మిడిల్స్‌బ్రోలో 1901 నాటికి 90 వేలు దాటారు.

తవ్విన రాయిని నేరుగా ఫర్నేసులో వేయరు. ముందు బట్టీల్లో కాలుస్తారు. అందులోని నీరు, బొగ్గుపులుసు గాలి పోయి బరువు తగ్గుతుంది, ఇనుము పాలు 40 దాకా పెరుగుతుంది. రోజ్‌డేల్ లోయలో అలాంటి బట్టీల రాతి కమానులు వరసగా నిలిచి ఉన్నాయి. మీ యూనివర్సిటీ నుంచి ఎవరైనా నార్త్ యార్క్ మూర్స్ పోతుంటే నువ్వూ పో.

ఇంకొక సంగతి నీకు బాగా నచ్చుతుంది, కెమిస్ట్రీ చదివినదానివి కదా. ఈ రాయిలో భాస్వరం ఎక్కువ. పోత ఇనుముకు ఫరవాలేదు కానీ ఉక్కు చేస్తే పెళుసు. 1856లో బెస్సెమర్ కనిపెట్టిన పద్ధతిలో భాస్వరం పోదు. లోకమంతా ఉక్కు పట్టాలు అడగడం మొదలయ్యాక క్లీవ్‌లాండ్ గనుల గతి ఏమిటన్న భయం పట్టుకుంది. దారి చూపినవాడు సిడ్నీ గిల్‌క్రిస్ట్ థామస్. లండన్‌లో పోలీసు కోర్టు గుమాస్తా. పగలు కోర్టు కాగితాలు, సాయంత్రం రసాయన శాస్త్రం. ఉక్కు తయారు చేసే కన్వర్టర్ లోపలి పూత ఆమ్ల గుణం ఉన్నది కాబట్టే భాస్వరం పోవడం లేదని పట్టుకున్నాడు. డాలమైట్ లాంటి క్షార గుణమున్న రాయి పూత పెట్టి సున్నం వేస్తే భాస్వరం చిట్టెంలోకి, అంటే పైకి తేలే మలినంలోకి పోతుంది. ఇనుము పని తెలిసిన బంధువు పెర్సీ గిల్‌క్రిస్ట్‌తో కలిసి ముందు వేల్స్‌లో చిన్నగా చేసి చూశారు. బోల్కో వాన్ కంపెనీ మేనేజరు విండ్సర్ రిచర్డ్స్ వాళ్ళను నమ్మాడు. 1879 ఏప్రిల్‌లో మిడిల్స్‌బ్రోలో అందరి ముందు చేసి చూపించారు. ఆ చిట్టెం కూడా వృథా పోలేదు, భాస్వరం ఉంది గనుక పొడి కొట్టి పొలాలకు ఎరువుగా చల్లారు. థామస్ పుట్టింది 1850లో, అంటే ఎస్టన్ రాయి దొరికిన ఏడే. పోయింది 1885లో, 34 ఏళ్ళకే. అతని పేరు వాన్ పేరంత తెలియకపోవడం నాకు బాధగా ఉంది.

క్లీవ్‌లాండ్ 1883లో ఒక్క ఏడాదిలో 60 లక్షల టన్నులకు పైగా రాయి తీసింది. అంతకు మించి ఎప్పుడూ తీయలేదు. విచిత్రం ఏమిటంటే గిల్‌క్రిస్ట్, థామస్‌ల పద్ధతితో జర్మనీ, ఫ్రాన్స్‌లలోని భాస్వరం రాళ్ళూ పనికొచ్చాయి, పోటీ పెరిగింది. ఇంకోవైపు స్పెయిన్ నుంచి మేలైన ఖనిజం ఓడల్లో మీ ఊరి టీస్ నది రేవుకే దిగింది. రాయి కోసం పుట్టిన కార్ఖానాలకు ఆ రాయి లేకుండానే గడిచింది. ఎస్టన్ 1949లో మూసేశారు. చివరిది నార్త్ స్కెల్టన్, 1964 జనవరి 17న మూతపడింది. మీ ఊరికి దగ్గర్లోని రెడ్‌కార్ బ్లాస్ట్ ఫర్నేసు కూడా 2015లో ఆగిపోయింది.

గని మూస్తే పని అయిపోయినట్టు కాదని మా వాళ్ళకు కూడా చెబుతుంటాను. పంపులు ఆపగానే నీళ్ళు నిండడం మొదలవుతుంది. గాలి తగిలిన పైరైట్, అంటే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం, నీళ్ళలో కరిగి, ఇనుము మోసుకుని ఏదో ఒక రోజు బయటికి వస్తుంది. సాల్ట్‌బర్న్ గిల్ అనే వాగు 1999 నుంచి నారింజ రంగులో పారింది. గనులు మూసి అప్పటికి 35 ఏళ్ళు. తర్వాత ఆ నీటిని పంపు చేసి శుద్ధి చేసే ప్లాంటు కట్టారు. అది ఎన్నాళ్ళు నడపాలో ఆ లెక్క తవ్వేరోజే వేయాలి, లాభంలో నుంచి అప్పుడే తీసి పక్కన పెట్టాలి. ఇది నా గట్టి అభిప్రాయం.

సెలవు దొరికినప్పుడు స్కినింగ్రోవ్ పో. పాత గనిలోనే మ్యూజియం ఉంది, లోపలికి తీసుకుపోయి చూపిస్తారు. జంపర్ చేతికిస్తే ఒకసారి ఎత్తి చూడు. కానీ ఎస్టన్ కొండ మీద గానీ, రోజ్‌డేల్‌లో గానీ మూసేసిన సొరంగం ఎక్కడైనా తెరుచుకుని కనిపిస్తే ఫోటో కోసం కూడా లోపల అడుగు పెట్టకు. మీ ఫ్రెండ్స్‌కూ గట్టిగా చెప్పు. కప్పు సంగతి అటుంచు, పాత పనుల్లో ఆక్సిజన్ ఉండదు. వాసన రాదు, దగ్గు రాదు, రెండు అడుగులు వేసేసరికి కాళ్ళు పడిపోతాయి. తీయడానికి పోయినవాడూ అక్కడే పడతాడు. రాయి చూడాలనిపిస్తే బయట కుప్పల్లో బోలెడు ఉంటుంది.

అమ్మ అడిగిందని చెప్పమంది. చలికి తలకు ఏదైనా కట్టుకోమంది.

నీ బాపు