బస్టాండులో కలిసిన అక్కకు కృతజ్ఞతలు

అక్కా, ఆ హడావిడిలో మీ పేరు కూడా అడగలేదు. మండల కేంద్రం బస్టాండులో బోర్డు చదవలేక మా బాబు ఏడుస్తుంటే, "బాబుది బద్ధకం కాదమ్మా" అన్నారు. అంతకుముందు ఆ మాట ఎవరూ అనలేదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు నేర్పే భవిత కేంద్రం ఉందని, అది ప్రభుత్వ సమగ్ర శిక్ష పథకం వాళ్లదని, ఫీజు ఉండదని చెప్పి, మీ బస్సు వదులుకుని మరీ అక్కడిదాకా తీసుకెళ్లారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఈ చదివే ఇబ్బంది కూడా ఉందని మీరు చెబితేనే తెలిసింది.

అక్కడి టీచరమ్మ ఇసుక పళ్లెంలో వేలు పట్టి ద, ధ దిద్దించేవారు. ధ కింది గీత దగ్గర వాడి వేలు ఆగిపోయేది. మొన్న ఆగలేదక్కా! ఇప్పుడు టెన్షన్ లేకుండా బడికి వెళ్తున్నాడు. ఎక్కడున్నా చల్లగా ఉండండి.