రంగు అడిగారు, లైసెన్సు నంబరు అడగలేదు

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రి ప్రహ్లాద్ జోషి గారికి శ్రీకాకుళం నుంచి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌కి దగ్గర్లో నాకో ఎలక్ట్రికల్ షాపు ఉంది. ముందు గదిలో అమ్మకం, వెనక గదిలో రిపేరు. ఈ ఉత్తరం తెలుగులోనే రాస్తున్నాను. మీరు కన్నడిగులు, మా అక్షరాల్లో సగం మీకు చూసినట్టే ఉంటాయి. మిగతా సగం మీ ఆఫీసులో ఎవరో ఒకరు చదివిపెడతారు. నాకొచ్చిన హిందీలో రాస్తే నా గోడు నాకే అర్థం కాదు.

ఇది ఒక హీటర్ రాడ్డు గురించి.

మొన్న చలికాలంలో అరసవల్లి నుంచి ఒకావిడ షాపుకొచ్చింది. వరసకేమీ కాదు గానీ ఏళ్ల తరబడి మా దగ్గరికే వస్తుంది. నేను అప్పా (అక్కా) అంటాను, ఆవిడ బావూ అంటుంది. కొడుకు హైదరాబాదులో అపార్టుమెంటు దగ్గర సెక్యూరిటీ గార్డు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, చన్నీళ్లు పడవని అక్కణ్ణుంచే ఫోనులో బుక్ చేసి ఇంటికి పంపించాడు. ఆవిడ సంచీలోంచి రాడ్డు తీసి బల్ల మీద పెట్టి, "ఇదేటో సూడు బావూ, బకెట్టు ముట్టుకుంటే గుంజేస్తంది" అంది. నీళ్లు కాగాయో లేదోనని సత్తు బకెట్టు అంచు తాకిందట. మోచెయ్యి దాకా లాగేసిందట. కాళ్లకి రబ్బరు చెప్పులు ఉండబట్టి సరిపోయింది.

స్విచ్చి ఆపకుండా ముట్టుకోవడం తప్పే. అదే అన్నాను ఆవిడతో. కానీ ఎర్తు అనేది ఉండేదే మనిషి ఆ తప్పు చేస్తాడని కదా.

త్రీపిన్ టాప్ విప్పాను. పిన్నులు మూడున్నాయి, లోపలికొచ్చిన వైర్లు రెండే. పైనుండే లావుపాటి పిన్ను ఎర్తుది, దానికి ఆకుపచ్చ వైరు బిగించాలి. అక్కడ స్క్రూ ఉంది, స్క్రూ కింద ఏమీ లేదు. అంటే ఆ పిన్ను చూపుకి మాత్రమే. వైరు తొక్క ఒలిచి బ్లేడుతో గీశాను. పైన రాగి రంగు లేచిపోయి లోపల తెల్లగా అల్యూమినియం బయటపడింది. పోగులు లెక్కపెట్టడానికి రెండు చేతుల వేళ్లు కూడా అక్కర్లేదు. అట్టపెట్టె మీద 1500 వాట్లని ఉంది. 230 వోల్టుల మీద అది ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది, టాపేమో 6 ఆంపియర్లది. ఆవిడకి షాకు కొట్టకపోయినా ఇంకో నెలకి ఆ టాపు మాడి సాకెట్టుకి అంటుకుపోయేది.

నన్ను ఇంకా మండించింది పెట్టె మీదున్న ఐఎస్‌ఐ ముద్ర. అసలు ముద్ర ఎలా ఉంటుందో మీ శాఖకి నేను చెప్పక్కర్లేదు, ఈ ఉత్తరం చదివే మావాళ్ల కోసం రాస్తున్నాను. బొమ్మకి పైన ప్రమాణం నంబరు ఉండాలి, ఈ రాడ్డుకైతే ఐఎస్ 368. బొమ్మకి కింద సీఎం/ఎల్ అని, దాని పక్కన అంకెలు ఉండాలి. ఆ అంకెలే తయారీదారుడి లైసెన్సు. ఈ ముద్రకి లైసెన్సు ఇచ్చే కేంద్ర సంస్థ బీఐఎస్. వాళ్ల బీఐఎస్ కేర్ అనే యాప్‌లో ఆ అంకెలు కొడితే కంపెనీ పేరు, ఊరు, లైసెన్సు బతికుందా చచ్చిందా, అన్నీ వచ్చేస్తాయి. ఫోను ఛార్జర్లకీ పవర్ బ్యాంకులకీ వేరే పద్ధతి, వాటి మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది. ఈ పెట్టె మీద పైనా లేదు, కిందా లేదు. మధ్యలో ఉత్త బొమ్మ. ఊరూపేరూ లేకుండా బొట్టు మాత్రం పెట్టుకొచ్చినట్టుంది.

ఇలాంటి రాడ్డు నా షాపులో దొరికిందే అనుకోండి. విశాఖపట్నం బీఐఎస్ ఆఫీసు మాకు వంద కిలోమీటర్లు. వాళ్లు వచ్చి పట్టుకుంటే 2016 బీఐఎస్ చట్టం 29వ సెక్షను ప్రకారం మొదటిసారికే 2 లక్షలకి తగ్గకుండా జరిమానా, లేదా రెండేళ్ల దాకా జైలు. నేను నోరెత్తడానికి లేదు, ఎత్తను కూడా. చట్టం మంచిదే. మా లైనులో అందరూ సత్యహరిశ్చంద్రులని కూడా అనను. బిల్లు అడక్కపోతే ముద్ర లేని సరుకు అంటగట్టేవాళ్లు ఈ వీధిలోనే ఉన్నారు, వాళ్లెవరో వాళ్లకీ తెలుసు.

కానీ "ఈ ర్యాకు నాది, సరుకు మాత్రం ఇంకొకడిది, నేను అద్దెకిచ్చానంతే" అని నేను ఇన్‌స్పెక్టరుతో అనగలనా? ఆన్‌లైన్ అమ్మకాల వేదికలు మాత్రం సరిగ్గా ఇదే మాట అంటున్నాయి. మేం మధ్యవర్తులం, అమ్మేది అమ్మకందారుడు అంటున్నాయి.

అదే చట్టంలో 17వ సెక్షను ఒకసారి తీసి చూడండి. ముద్ర తప్పనిసరి చేసిన సరుకుని ముద్ర లేకుండా తయారు చేయకూడదు, దిగుమతి చేయకూడదు, అమ్మకూడదు, నిల్వ పెట్టకూడదు, అమ్మకానికి ప్రదర్శించనూ కూడదు అని ఉంది. ఆ ఆఖరి మాట ఎవరు పెట్టారో గానీ దండం పెట్టాలి. ఫోను తెర మీద నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసి, పక్కన ధర వేసి, కింద కొనండి అని బటన్ పెడితే అది ప్రదర్శన కాకపోతే మరేటి?

మా మేనల్లుడు డిగ్రీ చదివి ఊరికే ఉన్నాడు. వాడి పోరు పడలేక పోయినేడు ఒక వేదికలో మేం కూడా అమ్మకందారుగా చేరాం. పేరు చెప్పను, అక్కర్లేదు కూడా. జీఎస్టీ, పాన్, బ్యాంకు ఖాతా అన్నీ తీసుకున్నారు, సరే. తరవాత ఒక ఇస్త్రీ పెట్టె ఎక్కించడానికి కూచున్నాం. ఇస్త్రీ పెట్టె ముద్ర తప్పనిసరైన సరుకు. బ్రాండు అడిగింది. బరువు అడిగింది. డబ్బాలో ఎన్ని వస్తువులున్నాయని అడిగింది. రంగు రాయలేదని ఎర్రగా గీత చూపించి ముందుకి కదలనివ్వలేదు. వాడు నీలం అని కొడితే అప్పుడు వదిలింది. లైసెన్సు నంబరు గడి కోసం పేజీ కిందదాకా వెతికాం. లేదు. అయిదు నిమిషాల్లో మా ఇస్త్రీ పెట్టె దేశమంతటా అమ్మకానికి పడింది. మాది అసలైనదే కాబట్టి నాకు భయం లేదు. కానీ ఆ రాడ్డు ఏ దారిన లోపలికొచ్చిందో నాకు ఆ రోజే అర్థమైంది.

అయ్యా, మీ శాఖ ఏమీ చేయలేదని నేననడం లేదు. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2021 డిసెంబరు 6న హెల్మెట్లు, ప్రెషర్ కుక్కర్లు, గ్యాస్ సిలిండర్ల మీద హెచ్చరిక నోటీసు ఇచ్చింది. పది రోజులకే, 16న, రెండోది ఇచ్చింది. అందులో ఈ రాడ్డు జాతి పేరే ఉంది, కుట్టు మిషన్లూ గ్యాస్ స్టవ్వులూ దాని పక్కన ఉన్నాయి. నోటీసు మంచిదే. అరసవల్లిలో బకెట్టు ముందు కూచున్న మనిషికి అది చేరే దారి ఏది?

2022లో కుక్కర్ల విషయంలో మీ సంస్థ ఒక పెద్ద వేదిక మీద ఆదేశం ఇచ్చింది. ముద్ర లేని కుక్కర్లు 2,265 అమ్ముడయ్యాయని తేలింది. వాటి మీద ఆ వేదిక సంపాదించిన రుసుము 6 లక్షల 14 వేల పైచిలుకు. జరిమానా 1 లక్ష. నేను కొట్టువాణ్ణి కాబట్టి ఏ అంకె చూసినా భాగించకుండా ఉండలేను. కుక్కరుకి 271 రూపాయలు వచ్చాయి, 44 రూపాయలు పోయాయి. కుక్కర్లు వెనక్కి తీసుకుని కొన్నవాళ్లకి డబ్బు తిరిగివ్వమని కూడా ఆదేశించారు, అది సబబే. వాళ్లు కోర్టుకెళ్లారు, అది వాళ్ల హక్కు. కానీ 44 రూపాయలకి భయపడి ఏ వ్యాపారీ దారి మార్చుకోడు. నేనైనా మార్చుకోను.

మా అప్ప రాడ్డు సంగతి కూడా చెప్పేస్తాను. కొడుకుతో ఫోనులో మాట్లాడి, వాడి ఆర్డరు వివరాలు తీసుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు, మర్యాదగానే రాసుకున్నారు. వేదికకి కూడా ఫిర్యాదు పెట్టాం. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల్లో 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలని, నెలలోపు తేల్చాలని ఉంది. అంతకంటే బేగి తేల్చారు. 349 రూపాయలు కొడుకు ఖాతాలో పడ్డాయి. ఆ అమ్మకందారుడి పేజీ మాయమైంది. రెండు వారాల తరవాత మా మేనల్లుడు ఫోను తెచ్చి చూపించాడు. అదే రాడ్డు, అదే ఫొటో, ఫొటోలో వెనకున్న పచ్చ టైల్స్ గోడ కూడా అదే. బ్రాండు పేరు మాత్రం మారింది.

అందుకే డబ్బు తిరిగిచ్చేస్తే లెక్క సరిపోయిందనుకోకండి. ఆ పేజీలో అప్పటికే ఎంతోమంది కొన్నారు, కింద వాళ్ల చుక్కలూ మెచ్చుకోళ్లూ ఉన్నాయి. వాళ్ల ఇళ్లల్లో ఆ రాడ్లు ఇవాళ పొద్దున్న కూడా నీళ్లలో దిగుంటాయి. వాళ్లకి ఎవరూ ఫోన్ చేయలేదు. నా దగ్గర రాడ్డు కొన్న మనిషి ఎవరో, ఏ వీధో నాకు తెలియదు. నేను చెబుదామన్నా చెప్పలేను. ఆ వేదికలవాళ్లకి మాత్రం ప్రతి ఇంటి నంబరూ, ఫోను నంబరూ, గుమ్మం పక్కన వేపచెట్టుందన్న గుర్తుతో సహా తెలుసు. పండగ ఆఫర్లయితే రోజుకి మూడు మెసేజీలు పంపుతారు. ఈ వస్తువు వాడకండి అని ఒక్క మెసేజీ పంపడానికి ఏం అడ్డం? ఏదైనా పేజీ భద్రత కారణంగా తీసేసిన రోజే, అక్కడ కొన్న ప్రతి ఒక్కరికీ వాళ్ల భాషలో ఆ కబురు వెళ్లాలని రూలు పెట్టండి.

దానికంటే ముందు ఆ గడి పెట్టించండి. ముద్ర తప్పనిసరైన సరుకు ఏదైనా లైసెన్సు నంబరు రాయందే పేజీ తెరుచుకోకూడదు, రంగు రాయకపోతే తెరుచుకోనట్టే. ఊరికే గడి పెడితే ఎవరిదో నంబరు ఎక్కించేస్తారు, ఆ తెలివి మావాళ్లకి పుట్టుకతోనే ఉంది. కాబట్టి నంబరు కొట్టగానే అది బీఐఎస్ రికార్డులో ఎవరి పేరున ఉందో, ఏ వస్తువుకి ఉందో చూసి, పేజీలో రాసిన తయారీదారుడితో సరిపోతేనే లోపలికి వదలాలి. యాప్‌లో నేను నా పాత ఫోనుతో అరనిమిషంలో చూసే పని అది. అంత పెద్ద కంప్యూటర్లున్నవాళ్లకి కష్టమంటే నమ్మమంటారా? వస్తువు మీదున్న ముద్రనే దగ్గర్నుంచి తీసిన ఫొటో ఒకటి కూడా పెట్టించండి. పెట్టె మీది బొమ్మ చాలదు. పెట్టెలు అచ్చేసేవాడికి ఐఎస్‌ఐ అక్షరాలు వేయడం పెద్ద పనా?

దీనివల్ల చిన్నవాళ్లు చితికిపోతారని ఒక వాదన వస్తుంది, నాకు తెలుసు. ఆ చిన్నవాళ్లలో నేనూ ఉన్నాను. లైసెన్సు తీసుకోవలసింది తయారు చేసేవాడు. తెచ్చి అమ్ముకునే నాబోటివాడు వస్తువు మీదున్న అంకెలు చూసి కొట్టడమే. అంకెలు లేకపోతే ఆ సరుకు నేను కొననే కూడదు. మా బుడితి ఇత్తడి చెంబుకీ, పొందూరు ఖద్దరుకీ ఎవరూ ఐఎస్‌ఐ అడగడం లేదు, అడగమని నేనూ అనను. పిల్లల బొమ్మలకి 2021 జనవరి నుంచి ముద్ర తప్పనిసరి చేసినప్పుడు కూడా, నమోదైన చేతివృత్తులవాళ్లకీ భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకీ మినహాయింపు ఇచ్చారు. దాంతో అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక కొయ్యబొమ్మ బతికిపోయింది. ఎవర్ని వదలాలో మీ శాఖకి బాగానే తెలుసు. పట్టుకోవలసినవాళ్ల దగ్గరే చెయ్యి ఆగుతోంది.

2025 మార్చిలో బీఐఎస్ వాళ్లు పెద్ద వేదికల గిడ్డంగుల మీద పడ్డారని పేపర్లో చూసి సంబరపడ్డాను. గిడ్డంగిలో పట్టుకోవడం అంటే సరుకు అప్పటికే సగం ఊళ్లకి వెళ్లిపోయాక పట్టుకోవడం. తెర మీద ఆపితే ఒక్క పెట్టె కూడా కదలదు, ఇన్‌స్పెక్టరు బండి డీజిలు కూడా మిగులుతుంది.

రాడ్డు నా దగ్గరే ఉంది. త్రీపిన్ టాప్ విప్పింది విప్పినట్టే ఉంచాను, పెట్టె కూడా పారేయలేదు. మీ ఆఫీసువాళ్లు అడిగితే స్పీడ్ పోస్టులో పంపిస్తాను, ఖర్చు నాదే. మా అప్పకి ఐఎస్ 368 రాడ్డు ఇచ్చి, సత్తు బకెట్టు మానిపించి ప్లాస్టిక్ బకెట్టు కొనిపించాను. డబ్బు కొడుకు ఫోనులో వేశాడు. వేసి, "మావా, కొనేముందు ఆ నంబరు పేజీలో ఎక్కడుంటది?" అని అడిగాడు. మంత్రి గారిని అడిగి చెబుతానన్నాను.

ఇట్లు
ఒక ఎలక్ట్రికల్ షాపువాడు,
శ్రీకాకుళం