చాక్లెట్ పూసిన వేఫర్ బిస్కెట్టా, చాక్లెట్టా? ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ఆర్థిక, వాణిజ్య పన్నుల శాఖల మంత్రి శ్రీ పయ్యావుల కేశవ్ గారికి,

నమస్కారం.

2025 సెప్టెంబరు 22 నుంచి బిస్కెట్ మీదా చాక్లెట్ మీదా పన్ను 5 శాతమే. ఆ నెల 3న జరిగిన 56వ జీఎస్టీ కౌన్సిల్ సమావేశంలో తీసుకున్న నిర్ణయం అది. విజయవాడ వన్‌టౌన్‌లోనూ గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్‌లోనూ, కంపెనీల సరుకు కొట్లకు పంపే ఏజెన్సీలకు పద్దులు రాసి, జీఎస్టీ రిటర్నులు వేసే పని నాది. 18 నుంచి 5కి దిగిందంటే మా వాళ్లు ఎంత సంతోషించారో వేరే చెప్పక్కర్లేదు.

ఈ ఉత్తరం కృతజ్ఞతలు చెప్పడానికి కాదు. రేటు ఒకటే కాబట్టి ఏది బిస్కెట్, ఏది చాక్లెట్ అన్న తగవు తీరిపోయిందని అందరూ అనుకుంటున్నారు. నిజానికి తగవు తీరలేదు, దానికి పని లేకుండా పోయిందంతే. రేపు ఎవరైనా ఒక రేటు కదిపితే మళ్లీ లేచి కూర్చుంటుంది. డబ్బుతో ముడిపడని ఈ సమయంలోనే దాన్ని తేల్చెయ్యమని కౌన్సిల్‌లో మన రాష్ట్ర ప్రతినిధిగా మిమ్మల్ని కోరుతున్నాను.

నేను చెబుతున్నది చాక్లెట్ పూసిన వేఫర్ గురించి. ప్రతి కిరాణా కొట్టులో 5 రూపాయలకూ 10 రూపాయలకూ దొరికేదే. లోపల కరకరలాడే పల్చటి పొరలు, మధ్యలో క్రీమ్, పైన చాక్లెట్. ఏజెన్సీ వాళ్లు దాన్ని చాక్లెట్ సరుకుతో కలిపి పంపుతారు. కొట్లో మాత్రం బిస్కెట్ల పక్కన పెట్టినా ఎవరూ తప్పు పట్టరు.

2017 జులై 1న జీఎస్టీ మొదలైనప్పుడు బిస్కెట్‌కి 18 శాతం, చాక్లెట్‌కి 28 శాతం వేశారు. సరుకులను రకాలుగా విడదీసి అంకెలిచ్చే కోడ్ పుస్తకంలో (టారిఫ్‌లో) చాక్లెట్ 1806 కింద, బిస్కెట్ 1905 కింద ఉంటాయి. ఆ 1905లో ‘కోకో ఉన్నా లేకపోయినా’ అని స్పష్టంగా రాసి ఉంది. పైగా 1905లోకి వచ్చే వస్తువులు తమ అధ్యాయంలోకి రావని చాక్లెట్ల అధ్యాయం మొదట్లోనే చెబుతుంది. అంటే కోడ్ ప్రకారం మన వేఫర్ బిస్కెట్ల కుటుంబమే. మరి రేటో? చాక్లెట్ పూసిన వేఫర్లను మాత్రం 1905లోంచి విడదీసి 28 శాతం జాబితాలో పడేశారు. ఇంటిపేరు బిస్కెట్‌ది, పన్ను చాక్లెట్‌ది.

ఇందులో ఇంకో తమాషా ఉంది. మామూలు బిస్కెట్‌కి చాక్లెట్ పూస్తే అది 18లోనే ఉంది. వేఫర్‌కి పూస్తేనే 28. పైన పూత అదే, తినే పిల్లాడూ వాడే. లోపలి పిండి మందంగా కాల్చారా, పొరలుగా కాల్చారా అన్నదాని మీద 10 శాతం తేడా.

ఆ పూత చాక్లెట్ అవునా కాదా అన్నది మరో పేచీ. ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం చాక్లెట్ అని పిలవాలంటే కోకో బటర్ కాకుండా కలిపే వెజిటబుల్ ఫ్యాట్ 5 శాతం దాటకూడదు. చవక వేఫర్లలో చాలావాటి మీద ఉండేది కోకో పొడి, చక్కెర, వెజిటబుల్ ఫ్యాట్ కలిపిన కాంపౌండ్. ప్యాకెట్ వెనక తిప్పి చదవండి, ‘చాక్లెట్’ అని రాయకుండా ‘చాకో’ అని తప్పించుకునే రాతలు కనిపిస్తాయి. ఆ లెక్కన అది ‘చాక్లెట్ పూసిన’ వేఫరే కాదు, తక్కువ రేటే కట్టాలి అని ఎవరైనా వాదించవచ్చు. నాసిరకం పూత పూసినవాడికి పన్ను తక్కువ, అసలు చాక్లెట్ పూసినవాడికి ఎక్కువ! చట్టం రాసినవారు కోరుకున్నది ఇది కాదని నాకు తెలుసు. కానీ రాసిన మాటలు అటే దారి తీస్తాయి.

మన టారిఫ్ పుస్తకంలో 1905 32 11 అనే కోడ్‌ని కూడా ఒకసారి చూడండి. చాక్లెట్ పూసినవి అన్న వరుస అక్కడ ‘కమ్యూనియన్ వేఫర్లు’ అన్న శీర్షిక కింద ఉంది. అంటే చర్చిలో పూజ సమయంలో ఇచ్చే సత్ప్రసాదపు అప్పం. గుణదల మాత కొండ ఉన్న ఊళ్లో ఈ మాట చెబితే నవ్వుతారు. అప్పానికి చాక్లెట్ పూసే చర్చి ఎక్కడైనా ఉందా? అచ్చులో వరుస జారి ఉంటుందని నా అనుమానం. కానీ మేం బిల్లు మీద కొట్టాల్సింది ఆ అంకెలే.

2017 నవంబరు 15 నుంచి చాక్లెట్‌నీ, చాక్లెట్ వేఫర్‌నీ 28 నుంచి 18కి దించారు. దాంతో తేడా పోయింది. ఇప్పుడు రెండూ కలిసి 5కి వచ్చాయి. రెండుసార్లూ శ్లాబు (పన్ను రేటు) మార్చారే తప్ప, ఈ వస్తువు ఫలానా అని ఎవరూ తేల్చలేదు.

బ్రిటన్‌లో ఈ తేడాని ఇప్పటికీ మోస్తున్నారు. అక్కడ మామూలు బిస్కెట్‌కి వ్యాట్ సున్నా, చాక్లెట్ పూసిన బిస్కెట్‌కి 20 శాతం. కేక్‌కి మాత్రం చాక్లెట్ పూసినా సున్నాయే. అందుకే 1991లో జాఫా కేక్ అన్న తినుబండారం కేకా, బిస్కెట్టా అని ట్రిబ్యునల్‌లో విచారణ జరిగింది. నిలవుంటే బిస్కెట్ మెత్తబడుతుంది, కేక్ గట్టిపడుతుంది, ఇది గట్టిపడుతోంది కాబట్టి కేకే అన్నది అక్కడ పనికొచ్చిన కారణాల్లో ఒకటి. మనిషి బొమ్మలా చేసే అల్లం బిస్కెట్‌కి కళ్ల కోసం రెండు చాక్లెట్ చుక్కలు పెడితే పన్ను లేదు. అంతకంటే ఎక్కువ పూస్తే ఉంది. అంత పెద్ద ప్రభుత్వం కూర్చుని చుక్కలు లెక్కపెడుతోంది. మనం నవ్వక్కర్లేదు లెండి, 2024 డిసెంబరులో జైసల్మేర్‌లో జరిగిన జీఎస్టీ కౌన్సిల్ సమావేశం తర్వాత పాప్‌కార్న్‌కి మూడు రేట్లు ఎందుకో మా కొట్ల వాళ్లకు వివరించలేక నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఇక రేపటి సంగతి. 2025 జనవరిలో వచ్చిన కేంద్ర ఆర్థిక సర్వే అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారం (ఫ్యాక్టరీల్లో బాగా మార్చి తయారుచేసే ప్యాకెట్ తిండి) మీద ఎక్కువ పన్ను వెయ్యడం గురించి ప్రస్తావించింది. ఆరోగ్యం పేరుతో చక్కెర సరుకుల మీద అదనపు పన్ను ఏదో ఒక రోజు కౌన్సిల్ ముందుకు రావచ్చు. వస్తే నేను వ్యతిరేకించను. మా వీధిలోనే షుగర్ మాత్రలు లేని ఇల్లు వెతుక్కోవాల్సి వస్తోంది. నా భయమల్లా ఆ పన్ను ‘చాక్లెట్లు, మిఠాయిలు’ అని పేరు పెట్టి వేసి, బిస్కెట్‌ని సామాన్యుడి తిండి అని వదిలేస్తారేమోనని.

ఫిన్లాండ్ అచ్చంగా ఆ పనే చేసింది. 2011లో మిఠాయిలు, చాక్లెట్లు, ఐస్‌క్రీముల మీద ప్రత్యేక పన్ను వేసి బిస్కెట్లను వదిలేశారు. పక్కపక్కనే అమ్ముడుపోయే రెండు సరుకుల్లో ఒకదానికే పన్నేమిటని ఫిర్యాదులు యూరోపియన్ కమిషన్ దాకా వెళ్లాయి. చివరికి 2017 జనవరి 1 నుంచి ఆ పన్నే ఎత్తేశారు.

మన దగ్గర అలా జరిగితే కంపెనీలకు ఏమీ కాదు, వాటికి వకీళ్లుంటారు. నోటీసు వచ్చేది ఏజెన్సీ వాడికి. కంపెనీ బిల్లులో ఏ కోడ్ ఉంటే అదే కోడ్‌తో కిందికి అమ్మినవాడు తీరా అధికారి ముందు నిలబడి వేఫర్ గుణగణాలు వివరించుకోవాలి. అడ్వాన్స్ రూలింగ్‌కి, అంటే ఏ సరుకు ఏ కోడ్‌లోకి వస్తుందో ముందే అడిగి తీర్పు తెచ్చుకోవడానికి, వెళ్లమంటారు. దానికి కేంద్రానికి 5,000, రాష్ట్రానికి 5,000 ఫీజు కట్టాలి. తీర్పు వచ్చినా అడిగినవాడికే వర్తిస్తుంది, పక్క కొట్టువాడికి కాదు.

ప్యాకెట్ మీద 100 గ్రాములకు ఎంత చక్కెర, అందులో విడిగా కలిపింది ఎంత అని ఇప్పటికే ముద్రిస్తున్నారు. అదనపు పన్ను వెయ్యదలిస్తే ఆ అంకెను బట్టి వెయ్యండి. చక్కెర ఎక్కువున్న క్రీమ్ బిస్కెట్ కట్టాలి, తక్కువున్న చాక్లెట్ కట్టక్కర్లేదు. స్కూళ్ల విషయంలో 2020 నాటి ఆహార భద్రతా నిబంధనలు ఈ దారే పట్టాయి. కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్న తిండి స్కూలు గేటుకు 50 మీటర్ల లోపు అమ్మకూడదన్నారు తప్ప, చాక్లెట్ వద్దు బిస్కెట్ ముద్దు అనలేదు. మన స్కూళ్లలో చాలావరకు అనేది మాత్రం అదే, ఆ సందులోంచే చాక్లెట్ వేఫర్ పిల్లల స్నాక్స్ బాక్సులో దర్జాగా వెళ్లిపోతోంది.

ఇదంతా పెద్ద కంపెనీల సరుకు గొడవ, రాష్ట్రానికేం సంబంధం అనుకోకండి. మన ఆత్రేయపురం పూతరేకు ఉంది కదా, 2023లో భౌగోళిక గుర్తింపు పొందింది. ఇప్పుడు విజయవాడ స్వీటు షాపుల్లో చాక్లెట్ పూతరేకులు కూడా అమ్ముతున్నారు. బోర్లించిన కుండ మీద పల్చటి బియ్యప్పిండి నీళ్లతో తీసే రేకు, ఆలోచిస్తే, మన వేఫరే. ‘రైస్ పేపర్, అలాంటి వస్తువులు’ అన్న మాట 1905లోనే ఉంది. కాబట్టి ఉత్త రేకుల కట్ట 1905లోకి వస్తుందని ఒకరంటారు, బెల్లం, నెయ్యి వేసి చుడితే స్వీటు కాబట్టి 2106 అని ఇంకొకరంటారు. చాక్లెట్ కలిపాక 1806 అనేవాడూ దొరుకుతాడు. 2025 సెప్టెంబరు దాకా స్వీటుకి 5, మిగతా రెండింటికీ 18 శాతం. ఇంట్లో కూర్చుని రేకులు తీసే ఆడవాళ్లు ఈ మూడు కోడ్లలో ఏది ఎంచుకోవాలో ఎవరు చెప్పాలి?

అందుకని నా విన్నపం ఇది. తర్వాతి కౌన్సిల్ సమావేశంలో 1806నీ, 1905లోని తీపి సరుకునీ ఎప్పుడూ ఒకే రేటులో ఉంచాలని మన రాష్ట్రం తరఫున ప్రతిపాదించండి. అదనపు పన్ను చర్చకు వస్తే పేరును బట్టి కాకుండా చక్కెర గ్రాములను బట్టి వెయ్యాలని పట్టుబట్టండి. పూతరేకు ఉత్తదైనా, చుట్టినదైనా, చాక్లెట్ కలిపినదైనా ఒకే కోడ్ కిందికి వచ్చేలా ఒక వివరణ తెప్పించండి. ఆ వివరణ తెలుగులో కూడా వస్తే ఆత్రేయపురంలో నేరుగా చదువుకుంటారు.

ఇట్లు,
వన్‌టౌన్ ఏజెన్సీల పద్దులు రాసే ఒక పౌరుడు,
విజయవాడ