ఈసారి శ్రమకాల కానుక జైల్లో ఉన్నోళ్ల కుటుంబాలకు

సంఘంలోని పెద్దలకు, అమ్మలకు, అక్కలకు, అన్నలకు, యూత్ పిల్లలకు అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

ఫిబ్రవరి 18 భస్మ బుధవారంతో లెంట్, అంటే ఉపవాసముండే శ్రమకాలం, మొదలైంది, ఏప్రిల్ 5 ఈస్టర్ దాకా ఆదివారాలు తీసేస్తే 40 రోజులు. ఉపవాసముండి మిగిల్చిన డబ్బు మీరు కవర్లో పెట్టి ఇస్తారు కదా, ఈ 2026లో ఆ కవర్లు కడప సెంట్రల్ జైల్లో ఉన్న పేదోళ్ల ఇండ్ల కోసం వాడాలని కమిటీ అనుకుంది. కొందరికి నచ్చలేదు, తప్పు చేసి లోపలికి పోయినోళ్లకి మన కానుక ఎందుకని మొహం మీదే అడిగినారు.

అడగాల్సిన మాటే. ఒకసారి మత్తయి 18 తీయండి. రాజుకు పదివేల తలాంతులు బాకీ పడినోని కథ. తలాంతు అంటే సుమారు 6000 దేనారాలు, దేనారం అంటే ఒక రోజు కూలి, మన లెక్కలో కూలి 500 వేసుకున్నా అది 3000 కోట్లు, తరాలు మారినా తీరేది కాదు. రాజు ఆ బాకీ మొత్తం మాఫీ చేసినాడు. వాడు బయటికొచ్చి తోటిదాసుడు ఇవ్వాల్సిన నూరు దేనారాలకు గొంతు పట్టుకున్నాడు. అంటే 50 వేలు. కూలోనికి 50 వేలు చిన్న డబ్బేం కాదు, మనకు జరిగిన అన్యాయం చిన్నదని ప్రభువు కూడా అనలేదు, అది నిజమైన బాకీనే, కాకపోతే దేవుడు మనకు మాఫీ చేసిన దాని పక్కన పెట్టి చూడమన్నాడు. ఆ తోటిదాసుణ్ణి అప్పు తీర్చేదాకా చెరసాలలో వేయించినాడంట, లోపల కూర్చున్నోడు యాడ సంపాదించి తీరుస్తాడు చెప్పండి?

ఇప్పుడూ అట్లాంటోళ్లు ఉండారు. శిక్ష పూర్తయినా జరిమానా కట్టలేక ఇంకొన్నాళ్లు లోపలే ఉండేవాళ్లు, బెయిల్ వచ్చినా ష్యూరిటీ పెట్టే దిక్కులేక ఆగిపోయినోళ్లు. వీళ్ల కోసం కేంద్రం 2023లో ఒక స్కీం తెచ్చింది గానీ దానికి కాగితాలు పట్టుకుని తిరిగేదానికైనా బయట ఒక మనిషి కావాల కదా. ఇంట్లో ఆమె కూలికి పోతే పూట గడుస్తుంది, ములాఖత్‌కు పోతే ఆ రోజు కూలి పాయె, బస్ ఛార్జీ పాయె. ఫీజు కట్టలేక బడి మానే పిల్లోడు ఏం తప్పు చేసినాడు?

సీమలో పుట్టినోళ్లం, పగ అంటే ఏందో మనకు వేరే ఎవరూ చెప్పాల్సిన పనిలేదు. తాతల నాటి తగాదా మనవళ్ల దాకా వచ్చిన ఊర్లు మనకు తెలుసు, రెండు పక్కలా తాళి తెగినోళ్లు ఉండారు. అందుకే వచ్చిన డబ్బులో సగం ఆ నేరాల వల్ల దెబ్బతిన్న కుటుంబాలకు పెడతాం. లోపలున్నోళ్లను క్షమించండి అని ఆ కుటుంబాలను మేం బలవంతం చెయ్యం, కేసు వాపస్ తీసుకోమని అసలే అడగం. క్షమించడమనేది వాళ్లకూ దేవునికీ మధ్య జరగాల్సింది, బియ్యం మూట ఇచ్చి అడిగేది కాదు.

వంద అయినా యాభై అయినా ఇవ్వండి, బియ్యం, నోట్‌బుక్కులు కూడా తీసుకుంటాం. నగదు ఇస్తే ట్రెజరర్ దగ్గర రశీదు తప్పకుండా అడిగి తీసుకోండి, ఫోన్‌పే చేసేవాళ్లకు చర్చి నోటీస్ బోర్డు మీద స్కానర్ ఉంది. ఫీజు స్కూల్లోనే కడతాం, జరిమానా లాయర్ ద్వారా కోర్టులోనే కడతాం. ఈస్టర్ తర్వాతి ఆదివారం ఆరాధనలో లెక్క పైసాతో సహా చదువుతాం, సాయం తీసుకున్నోళ్ల పేర్లు మాత్రం చదవం.

కవర్లు మార్చి 29 మట్టల ఆదివారం లోపల ఇవ్వండి. అన్నదమ్ములతోనో, కోడలితోనో, పక్కింటోళ్లతోనో మాటలు లేనోళ్లు ఎవరైనా ఉంటే, బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి ముందు పోయి సమాధానపడమని మత్తయి 5లో ప్రభువు చెప్పినట్టే, ముందు ఆ గడప తొక్కి మాట్లాడి అప్పుడు కవర్ తెండి. దానికి ఈస్టర్ దాటిపోయినా ఏం కాదు, మీ కవర్ ఎప్పుడు తెచ్చినా తీసుకుంటాం.

మీ పాస్టరేట్ కమిటీ, కడప