వచ్చిన ప్రతి కార్డుకూ గోడ మీద చోటు ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలు దగ్గరపడుతున్నాయి. ఏటా ఆ వారంలో సభలు, పుస్తక ప్రదర్శనలు, విద్యార్థులకు వ్యాసరచన, చిత్రలేఖన పోటీలు, ఆఖరి రోజున బహుమతుల పంపిణీ జరగడం మనకు అలవాటే. అవి వద్దనడం నా ఉద్దేశం కాదు. ఈసారి వాటితోపాటు కడపలో ఒక తపాలా కళా ప్రదర్శననూ, చేతితో తయారుచేసిన పుస్తకాల ప్రదర్శననూ కలిపి జరపాలని గ్రంథాలయాల నిర్వాహకులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. వచ్చిన ప్రతి కార్డునూ, ప్రతి పుస్తకాన్నీ ప్రదర్శనలో పెట్టాలి. ఈ ఒక్క నియమాన్ని మాత్రం ఎవరికోసమూ సడలించకూడదు.

తపాలా కళ అంటే, బొమ్మకు ఫ్రేము కట్టించి గ్యాలరీకి అప్పగించే బదులు, దాన్ని కార్డు మీదో కవరు మీదో వేసి, బిళ్ల అంటించి, తపాలా పెట్టెలో వేయడం. ఈ కళలో బొమ్మ ఎంత ముఖ్యమో, దాని మీద పడే తపాలా ముద్ర, దారిలో పడిన మడత, చేరవేసిన పోస్టుమాన్ శ్రమ కూడా అంతే ముఖ్యం. అమెరికాలో రే జాన్సన్ అనే చిత్రకారుడు 1950ల నుంచే స్నేహితులకు ఇలా బొమ్మలు, కత్తిరించి అంటించిన కాగితాలు పంపుతూ, అందుకున్నవారిని వాటికి మరికొంత చేర్చి ఇంకొకరికి పంపమని అడిగేవాడు. 1962లో ఆ వలయానికి న్యూయార్క్ కరస్పాండెన్స్ స్కూల్ అన్న పేరు వచ్చింది. 1970లో అక్కడి విట్నీ మ్యూజియంలో ఆ ఉత్తరాలతోనే ప్రదర్శన జరిగింది.

ఆ తర్వాత ఈ కళ దేశదేశాలకూ పాకి, కొన్ని కట్టుబాట్లను తనంత తానుగా ఏర్పరచుకుంది. ప్రవేశ రుసుము ఉండదు, న్యాయనిర్ణేతలు ఉండరు, పంపినవి వెనక్కి ఇవ్వరు, వచ్చినవన్నీ ప్రదర్శిస్తారు, పాల్గొన్న ప్రతివారికీ పేర్ల జాబితా పంపుతారు. వీటిని ఆ కళాకారులు ఎంత పట్టుదలగా పాటించారంటే, 1984లో న్యూయార్క్‌లోని ఫ్రాంక్లిన్ ఫర్నేస్ అనే కళాసంస్థలో జరిగిన ప్రదర్శనకు వచ్చినవాటిలో కొన్నింటిని నిర్వాహకురాలు పక్కన పెట్టినందుకు వారు బహిరంగంగా నిరసన తెలిపారు. ఉరుగ్వే సైనిక ప్రభుత్వం 1977లో క్లెమెంతే పదీన్, హోర్హే కరబాయో అనే ఇద్దరు తపాలా కళాకారులను జైల్లో పెట్టినప్పుడు, వారిని విడిచిపెట్టమని అనేక దేశాల నుంచి ఉత్తరాలు రాసినవారు కూడా ఈ వలయంలోని వారే. ఒకరి ముఖం ఒకరు చూడనివారి మధ్య అంతటి బంధం ఏర్పడడానికి, అందరినీ సమానంగా చూసే ఆ కట్టుబాట్లే కారణమని నేను నమ్ముతాను.

వచ్చినవన్నీ ప్రదర్శించాలన్న నియమం కోసం నేను అంతగా పట్టుబట్టడానికి ఒక కారణం ఉంది. నేను ముప్పై ఏళ్లకు పైగా డ్రాయింగ్ ఉపాధ్యాయుడిగా పనిచేశాను. చాలా ఏళ్ల కిందట ఒక చిత్రలేఖన పోటీకి సుమారు రెండు వందల మంది పిల్లలు బొమ్మలు వేసి ఇచ్చారు. చోటు లేదన్న కారణంతో ఇరవై బొమ్మలను ఏరి గోడకు పెట్టాము. ఏరినవారిలో నేనూ ఒకణ్ణి. మరునాడు ఏడో తరగతి చదివే ఒక అమ్మాయి తన తల్లిని వెంటబెట్టుకొని వచ్చి, గోడలన్నీ రెండుసార్లు వెతికి, "సార్, నా బొమ్మ యాడ పెట్టినారు?" అని అడిగింది. ఆ బొమ్మ పక్క గదిలో, కుర్చీల వెనక, మిగిలిన వాటితోపాటు కట్టగా పడి ఉంది. ఆ తల్లి సగం రోజు కూలి వదులుకొని వచ్చిందని తర్వాత తెలిసింది. నాలుగు దారాలు అదనంగా కట్టి ఉంటే రెండు వందల బొమ్మలకూ చోటు దొరికేది. ఆ సంగతి ఆ రోజు మాలో ఒక్కరికీ తోచకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తోంది.

ఉత్తరంలో బొమ్మ వేసి పంపడం కడప వాళ్లకు కొత్త కాదు. ఈ ప్రాంతం నుంచి బతుకుదెరువు కోసం కువైట్ వెళ్లినవారి ఇళ్లలో, అంచుకు ఎరుపు నీలం గీతలున్న విమానపు కవర్లు నేటికీ బిస్కెట్ డబ్బాల్లో భద్రంగా ఉన్నాయి. మా వీధిలో ఒక తల్లి, చదువు రానందువల్ల, అక్కడి నుంచి పిల్లలకు పంపే ఉత్తరాన్ని తోటివారి చేత రాయించి, చివర ఖాళీలో తానుండే గది, కిటికీ, తాను తోమే గిన్నెలు, ఒక మూల తన పిల్లల ముఖాలు గీసి పంపేది. 1990 ఆగస్టులో ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించి ఉత్తరాలు ఆగిపోయినప్పుడు, ఆ పిల్లలు పాత కాగితాలను ముందేసుకొని ఆ గీతలను వేళ్లతో తడుముతూ కూర్చునేవారు. వాటిని ఎవరూ కళ అని పిలవలేదు. ఆ కుటుంబాలు ఒప్పుకుంటే, అలాంటి ఉత్తరాలకు ఈ ప్రదర్శనలో మొదటి వరుసలో చోటివ్వాలి.

ఇక పుస్తకాల విషయం. 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్, తర్వాత ఇక్కడ బంగళా కొని, పండితులకు సొంత సొమ్ముతో జీతాలిచ్చి, తాళపత్రాల్లో శిథిలమవుతున్న కావ్యాలను కాగితం మీదికి ఎత్తి రాయించారు. ఆయన బంగళా ఉన్న స్థలంలోనే, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి ఏళ్ల తరబడి కృషి వల్ల, నేటి బ్రౌన్ గ్రంథాలయం వెలసింది. ఈ గడ్డ మీద తాళ్ళపాకలో పుట్టిన అన్నమయ్య సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలో దాచారు. రేకు మీద ఉలితో చెక్కినా, తాటాకు మీద గంటంతో గీసి మసి పూసినా, కాగితం మీద కలంతో రాసినా, పుస్తకం తయారు కావడమంటే చేతిపనే. పుస్తకంలోని మాటలను గౌరవించే మనం దాని ఒంటిని పట్టించుకోవడం మానేశాము. న్యూయార్క్‌లో ఆ చేతిపనిని నేర్పడానికే 1974లో సెంటర్ ఫర్ బుక్ ఆర్ట్స్ అన్న సంస్థ ఏర్పడింది. మన పక్కనే చెన్నైలో తారా బుక్స్ వారు చేతితో చేసిన కాగితం మీద తెరముద్రణతో (స్క్రీన్ ప్రింటింగ్‌తో) బొమ్మలు అచ్చువేసి, చేతితో కుట్టి, ఆ పుస్తకాలను ప్రపంచమంతటా అమ్ముతున్నారు.

మన ఊళ్లో ఆ పని తెలిసినవారు లేకపోలేదు. నేను చిన్నప్పుడు చూసిన బైండింగ్ దుకాణంలో ఒక పెద్దాయన మైదా ఉడికించి, పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపి, ఫారాలను, అంటే మడిచిన అచ్చు కాగితాలను, వరుసగా పేర్చి, మైనం రాసిన దారంతో కుట్టి, కాలికో గుడ్డ అంటించి, రాత్రంతా బరువు కింద ఉంచేవాడు. ఆయన కుట్టిన నిఘంటువు నా దగ్గర నేటికీ ఒక్క పుట ఊడకుండా ఉంది. ఆ పని ఎరిగినవారిని వారోత్సవాల్లో రెండు రోజులు కూర్చోబెట్టి, తగిన పారితోషికం ఇచ్చి, పిల్లలకు ఎనిమిది పుటల పుస్తకం కుట్టడం నేర్పించాలి. శాలువా కప్పి పంపేస్తే చాలదు. ఆ పుస్తకాలను అద్దాల బీరువాల్లో పెట్టి తాళం వేయకుండా, బల్లల మీద ఉంచి, చూసేవారు చేతుల్లోకి తీసుకొని తిప్పే వీలు కల్పించాలి.

ఖర్చు గురించి ఒక మాట. తపాలా శాఖ కార్డు ధర నేటికీ 50 పైసలే. కానీ ఇటీవల నేను ఒక కౌంటరులో అడిగితే కార్డులు లేవన్నారు, మరోచోట నాలుగే ఉన్నాయన్నారు. ఈ కార్యక్రమం కోసం చాలినన్ని కార్డులు ముందుగానే తెప్పించి బడులకు అందేలా తపాలా అధికారులు చూడాలి. ప్రదర్శనలో కార్డులను గోడకు అంటించకూడదు. వెనకవైపున్న చిరునామా, ముద్ర కూడా కనిపించేలా చదువుకునే గదికి అడ్డంగా దారాలు కట్టి, బట్టల క్లిప్పులతో వేలాడదీయాలి. ముగిసిన తర్వాత అందరి పేర్లు, ఊర్లతో ఒక జాబితా అచ్చువేసి, కార్డు పంపిన ప్రతి ఒక్కరికీ తపాలాలోనే పంపాలి. పిల్లలకు తిరిగి వచ్చేది అదే కాబట్టి ఈ పనిని మరిచిపోకూడదు.

కువైట్ నుంచి వచ్చే ఉత్తరాలకు కూడా వ్యవధి చాలేలా, చిరునామాను, చివరి తేదీని వీలైనంత త్వరగా ప్రకటించాలని మనవి. దారాలు కట్టడానికి, కార్డులు విప్పి పేర్లు నమోదు చేయడానికి నేనూ, నా పాత విద్యార్థులు కొందరూ వారం ముందు నుంచే రావడానికి సిద్ధంగా ఉన్నాము.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రాయింగ్ ఉపాధ్యాయుడు,
కడప.